టెలిహెల్త్ సేవల పరిపక్వతను మదింపు చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

దూరాన ఉన్న డాక్టరును ఫోనులోనో తెరమీదనో చూపించే సేవ ఒక దేశపు ఆరోగ్య వ్యవస్థలో ఎంతవరకు నిలదొక్కుకుందో ఎలా తెలుసుకోవాలని నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆరోగ్య సిబ్బంది, గ్రామ పంచాయతీ సభ్యులు, ప్రజారోగ్యం చదువుతున్న విద్యార్థులు పదేపదే అడుగుతుంటారు. ఆ ప్రశ్నలనూ వాటికి సమాధానాలనూ ఇక్కడ ఒకచోట చేర్చాము. ఉదాహరణలు ఎక్కువగా దక్షిణ తెలంగాణవే అయినా, మదింపు పద్ధతి దేశం మొత్తానికీ వర్తిస్తుంది.

టెలిహెల్త్ పరిపక్వత అంటే ఏమిటి?

ఒక సేవ ఎవరో ఒక ఉత్సాహవంతుడి భుజాల మీద నడుస్తున్నదా, లేక వ్యవస్థ తనంతట తాను నడిపించుకోగలుగుతున్నదా అన్న తేడాను పరిపక్వత అంటాము. మీ ఊరి పల్లె దవాఖానాలో ట్యాబ్ వాడటం బాగా తెలిసిన నర్సు ప్రసూతి సెలవు మీద వెళ్లినప్పుడు కూడా వీడియో సంప్రదింపులు అదే తీరుగా కొనసాగితే ఆ సేవ కొంత పక్వానికి వచ్చిందని చెప్పవచ్చు. ఆమె వెళ్లిన మరునాడే ట్యాబ్ బీరువాలోకి చేరితే, అక్కడ అప్పటివరకు ఉన్నది ఆమె నేర్పు మాత్రమే. ఆ నేర్పు మెచ్చుకోదగినదే కానీ, దేశం లెక్కలో దాన్ని వ్యవస్థగా చూపించకూడదు.

టెలిహెల్త్, టెలిమెడిసిన్ అన్న మాటలను చాలామంది ఒకే అర్థంలో వాడతారు. డాక్టరు దూరం నుంచి రోగిని పరీక్షించి వైద్యం చెప్పడాన్ని టెలిమెడిసిన్ అంటారు. టెలిహెల్త్ దానికంటే విశాలమైన మాట. ఆరోగ్య సలహా ఇచ్చే ఫోన్ లైను, సిబ్బందికి దూరశిక్షణ, ఇంటి దగ్గర కొలిచిన బీపీని కేంద్రానికి పంపడం వంటివన్నీ దాని కిందికే వస్తాయి.

పరిపక్వతను మెట్లుగా కొలిచే ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది?

వైద్యం నుంచి రాలేదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 1980ల చివరలో, సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థల పనితీరును కొలవడానికి ఐదు మెట్ల నమూనాను రూపొందించింది. ఒప్పుకున్న పనిని ఒకసారి సకాలంలో పూర్తిచేసిన సంస్థ మళ్లీ అదే పనిని అదే నాణ్యతతో చేయగలదా అన్నది ఆ నమూనా వేసుకున్న ప్రశ్న. తర్వాత ఆరోగ్య రంగం దాన్ని తనకు తగినట్టు మార్చుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2012లో వెలువరించిన జాతీయ ఈ-హెల్త్ వ్యూహ మార్గదర్శిని దేశాలు చూసుకోవలసిన ఏడు అంగాలను స్పష్టంగా పేర్కొంది. కోవిడ్ కాలంలో, 2020లో, పాన్ అమెరికన్ ఆరోగ్య సంస్థ, ఇంటర్ అమెరికన్ అభివృద్ధి బ్యాంకు కలిసి ప్రత్యేకంగా టెలిమెడిసిన్ కోసమే ఒక మదింపు పనిముట్టును తయారుచేశాయి. ఆసుపత్రులు తాము ఎంత సిద్ధంగా ఉన్నాయో తామే చూసుకోవడానికి అది పనికి వస్తుంది.

ఏయే అంగాలను చూడాలి?

పైన చెప్పిన ఏడు అంగాలు ఇవి: నాయకత్వం-పరిపాలన; వ్యూహం-పెట్టుబడి; చట్టం-విధానం; మానవ వనరులు; ప్రమాణాలు-సమాచార మార్పిడి; మౌలిక సదుపాయాలు; చివరగా, వీటన్నింటి మీద ఆధారపడి ప్రజలకు అందే సేవలు. సాధారణంగా మదింపు నివేదికలు మౌలిక సదుపాయాల గురించే ఎక్కువ పేజీలు రాస్తాయి. ట్యాబులను లెక్కపెట్టడం సులువు కాబట్టి అలా జరుగుతుంది. అసలు కష్టం మానవ వనరుల దగ్గరా సమాచార మార్పిడి దగ్గరా ఉంటుంది. జిల్లా ఆసుపత్రిలో స్పెషలిస్టు రాసిన మాట పీహెచ్‌సీ డాక్టరుకు తిరిగి చేరుతున్నదా అన్నది సమాచార మార్పిడికి సంబంధించిన ప్రశ్న. ఆ స్పెషలిస్టు వారంలో ఎన్ని గంటలు తెర ముందు కూర్చోవాలో, ఆ గంటల్లో ఆయన ఓపీని ఎవరు చూసుకోవాలో రాతపూర్వకంగా నిర్ణయించారా అన్నది మానవ వనరుల ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకు సమాధానం లేని చోట ఎన్ని ట్యాబులు పంచినా సేవ ముందుకు సాగదు.

ఈ ఏడింటికి తోడు ఎనిమిదోదిగా రోగి అనుభవాన్ని కూడా చేర్చాలని మా అభిప్రాయం. అది సేవల అంగంలోనే కలిసి ఉంటుందని కొందరు వాదిస్తారు. ఆచరణలో మాత్రం, విడిగా అడగనిదే రోగి మాట నివేదికలోకి రాదు.

మెట్లు ఎలా ఉంటాయి?

పేర్లు నమూనాను బట్టి మారుతాయి గానీ ఆలోచన ఒక్కటే. అడుగు మెట్టులో పని ఉంటుంది, పద్ధతి ఉండదు. ఎవరికి వీలైనప్పుడు వారు వాట్సాప్‌లో డాక్టరుకు ఫొటో పంపి మందు అడుగుతారు. రెండో మెట్టులో ఒక ప్రాజెక్టు వస్తుంది, పరికరాలు వస్తాయి, కొన్ని కేంద్రాల్లో పని క్రమంగా జరుగుతుంది, కానీ నిధుల గడువు తీరగానే వెనక్కి జారుతుంది. మూడో మెట్టు చేరేసరికి ఏ రోగిని తెరమీద చూపాలో, ఎవరిని నేరుగా పంపాలో, నమోదు ఎలా చేయాలో అన్ని కేంద్రాలకూ ఒకే రాతపూర్వక పద్ధతి ఉంటుంది, కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగికీ దానిలో శిక్షణ ఉంటుంది. నాలుగో మెట్టులో ఆ పద్ధతి ఫలితాలను కొలుస్తారు, ఆ కొలతలను బట్టి నిర్ణయాలు మారుస్తారు. ఐదో మెట్టులో టెలిహెల్త్ ప్రత్యేక పథకంగా కనిపించదు. బడ్జెట్‌లో, నియామకాల్లో, వైద్య విద్యలో, మందుల సరఫరాలో అది మామూలు భాగమైపోతుంది.

మూడో మెట్టు నుంచి నాలుగో మెట్టుకు చేరడమే అన్నింటికంటే కష్టమైన పని. పద్ధతిని కాగితం మీద రాయడానికి ఒక కమిటీ చాలు. కొలిచిన తర్వాత వచ్చిన చేదు సమాధానాన్ని ఒప్పుకొని పద్ధతిని మార్చుకోవడానికి జిల్లా స్థాయి అధికారికి కొంత స్వేచ్ఛ ఉండాలి.

సంప్రదింపుల సంఖ్య పెరుగుతున్నది కదా, అది పరిపక్వతకు గుర్తు కాదా?

ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే కాబట్టి దీనికి కొంత వివరంగా సమాధానం చెప్పాలి. కేంద్ర ఆరోగ్య శాఖ కోసం మొహాలీలోని ప్రభుత్వ సాంకేతిక సంస్థ సీ-డాక్ రూపొందించిన జాతీయ టెలిమెడిసిన్ వేదిక ఈ-సంజీవని 2019 నవంబరులో మొదలైంది. 2023 ఫిబ్రవరి నాటికి పది కోట్ల సంప్రదింపులు దాటాయని ప్రభుత్వం ప్రకటించింది. ప్రపంచంలో మరే దేశమూ ప్రాథమిక ఆరోగ్య రంగంలో ఇంత పెద్ద ఎత్తున ఇంత త్వరగా ఈ పని చేసిందని చెప్పడం కష్టం. ఈ సంఖ్యను తేలికగా తీసుకోకూడదు. సాంకేతికంగా ఈ వేదిక అంత భారాన్ని మోయగలదని అది రుజువు చేసింది.

అయితే ఆ సంఖ్య చెప్పేది అంతవరకే. తెరమీద మాట్లాడటంతో రోగి ప్రయాణం ముగియదు. దేవరకొండ వైపు ఒక సబ్ సెంటర్‌లో మేము కళ్లారా చూసిన ఒక సంప్రదింపును ఉన్నది ఉన్నట్టు చెబుతాము. తండా నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. గదిలో సిగ్నల్ సరిగా లేక నర్సు ట్యాబును కిటికీ చువ్వలకు ఆనించి నిలబెట్టింది. అవతల డాక్టరు తెలుగులో అడిగితే ఆమె లంబాడీలో జవాబు చెప్పింది. పక్కనున్న ఆశా కార్యకర్త రెండు వైపులా మాట అందించింది. పోయిన నెల గోలీలు వేసుకుందా అని డాక్టరు అడిగినప్పుడు ఆమె చాలాసేపు చెప్పింది. ఆశా దాన్ని "వేసుకుందట సార్" అన్న ఒక్క మాటలో ముగించింది. నెల సగంలోనే తన గోలీలు అయిపోయాయనీ, మిగతా సగం రోజులు కూతురి గోలీలు వేసుకున్నాననీ ఆమె చెప్పిందని తర్వాత అడిగితే తెలిసింది. డాక్టరు కొత్త మందు ఒకటి చేర్చి చీటీ పంపారు. ఆ మందు ఆ రోజు స్టోర్‌లో లేదు. "వచ్చే వారం రా అవ్వా" అని పంపించారు. కంప్యూటర్‌లో ఆ సంప్రదింపు పూర్తయినట్టుగానే నమోదైంది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. నర్సు, ఆశా, డాక్టరు ముగ్గురూ తమ పని శ్రద్ధగా చేశారు. కానీ మదింపు చేసేవారు ఇలాంటి సంప్రదింపును విజయంగా లెక్కిస్తే ఆ మదింపుకు అర్థం లేదు. పూర్తి అయిన సంప్రదింపు అంటే రోగి మాట డాక్టరుకు చేరడం, డాక్టరు రాసిన మందు రోగి చేతికి అందడం, నెల తర్వాత బీపీ దిగిందో లేదో ఎవరో ఒకరు చూడటం. ఈ మూడూ జరిగిన సంప్రదింపులు ఎన్ని అన్న లెక్క ఏ కేంద్రం దగ్గరా లేకపోతే, ఆ సేవ నాలుగో మెట్టుకు ఇంకా చేరలేదనే చెప్పాలి.

ఇంకొక విషయం. రోజుకు ఇన్ని సంప్రదింపులు చేయాలని లక్ష్యం పెట్టిన చోట, ఎదురుగా డాక్టరు ఉన్నా సరే సంఖ్య కోసం తెరమీద చూపించే అలవాటు మొదలవుతుంది. లక్ష్యాలు పెట్టడం తప్పని అనడం లేదు. లక్ష్యం పెట్టిన కొలతనే పరిపక్వతకు ఆధారంగా తీసుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాము.

ఈ-సంజీవని ఎలా పనిచేస్తుంది?

అది రెండు రకాలుగా నడుస్తుంది. ఆరోగ్య కేంద్రంలో కూర్చున్న నర్సు లేదా డాక్టరు, రోగిని పక్కన పెట్టుకొని, మెడికల్ కాలేజీలోనో జిల్లా ఆసుపత్రిలోనో ఉన్న డాక్టరుతో మాట్లాడటం మొదటిది. ఆ చిన్న కేంద్రాలను స్పోకులనీ, డాక్టర్లు ఉండే చోటును హబ్ అనీ అంటారు. రోగి తన ఇంటి నుంచే ఫోనులో నేరుగా డాక్టరును సంప్రదించడం రెండోది. ఇది 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ కాలంలో మొదలైంది. మన ప్రాంతపు పల్లెల అవసరాలకు మొదటి రకమే ఎక్కువగా సరిపోతుంది, ఎందుకంటే రోగి పక్కన బీపీ చూడగలిగిన మనిషి ఒకరుంటారు. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో 2016లో మహబూబ్‌నగర్‌తో మొదలుపెట్టి నల్లగొండ, సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో వరుసగా ప్రభుత్వ మెడికల్ కాలేజీలు రావడం, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఏర్పడటం వల్ల ఇప్పుడు రోగి భాష తెలిసిన స్పెషలిస్టును దగ్గరి నుంచే చూపించే అవకాశం పెరిగింది. ఆ అవకాశాన్ని ఎంత వాడుకుంటున్నారన్నది ప్రతి జిల్లా మదింపులోనూ ఉండవలసిన ప్రశ్న.

మందుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఆయుష్మాన్ భారత్ నిబంధనల ప్రకారం సబ్ సెంటర్ స్థాయి కేంద్రంలో 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు, పీహెచ్‌సీ స్థాయిలో 172 రకాల మందులు, 63 రకాల పరీక్షలు ఉండాలి. హబ్ డాక్టరు తెరమీద మందు రాసేటప్పుడు ఆ కేంద్రంలో ఆ రోజు ఏవి నిల్వ ఉన్నాయో ఆయనకు కనిపిస్తున్నదా? కనిపిస్తే పైన చెప్పిన పెద్దావిడ ఉత్త చేతులతో తిరిగి వెళ్లేది కాదు.

చట్టం విషయంలో మన దేశం ఏ స్థితిలో ఉంది?

చాలాకాలం స్పష్టత లేదు. 2000 సంవత్సరంలో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ టెలిమెడిసిన్ కేంద్రాన్ని నెలకొల్పినప్పుడు గానీ, ఆ తర్వాత ఇస్రో ఉపగ్రహాల ద్వారా ఆసుపత్రులను కలిపినప్పుడు గానీ, దూరం నుంచి మందు రాయడానికి డాక్టరుకు ఉన్న అధికారం ఎంత అన్న ప్రశ్నకు సూటి జవాబు లేదు. 2020 మార్చి 25న, అంటే ఉగాది నాడు, లాక్‌డౌన్ మొదలైన రోజే, టెలిమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు విడుదలయ్యాయి. అవి 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలో అనుబంధంగా చేరాయి.

వాటిలోని ముఖ్యమైన అంశాలు ఇవి. మామూలు మందులను ఏ పద్ధతిలోనైనా రాయవచ్చు. కొన్ని మందులను మొదటిసారి రాయాలంటే వీడియోలో రోగిని చూడటం తప్పనిసరి. మరికొన్నింటిని, ముందు నేరుగా చూసిన రోగికి అదే జబ్బు కోసం తదుపరి సంప్రదింపులో మాత్రమే రాయవచ్చు. మత్తు మందులనూ షెడ్యూల్ ఎక్స్ (చట్టం కఠినంగా నియంత్రించే జాబితా) మందులనూ అసలే రాయకూడదు. ఆరు నెలలు దాటితే అది తదుపరి సంప్రదింపు కాదు, మళ్లీ మొదటిదే. తెరమీద చూడటం చాలదు అనిపిస్తే, రోగిని నేరుగా రమ్మని చెప్పే హక్కూ బాధ్యతా డాక్టరువే. దేశంలో ఎక్కడ నమోదైన డాక్టరైనా దేశంలో ఎక్కడి రోగినైనా చూడవచ్చు.

ఇక్కడ మన పల్లెల్లో జరిగే ఒక పొరపాటును తప్పకుండా చెప్పాలి. ఆ మార్గదర్శకాల్లో ఆర్‌ఎంపీ అంటే రాష్ట్ర వైద్య మండలిలో నమోదైన, చదివిన డాక్టరు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే సూది వేసే గ్రామీణ వైద్యుడు. చైతన్య కార్యక్రమాల్లో ఈ మాటను వివరించకుండా చదివి వినిపిస్తే, మార్గదర్శకాలు ఊరి ఆర్‌ఎంపీకి ఫోనులో మందు రాసే అధికారం ఇచ్చాయని అర్థమవుతుంది. శిక్షణ సామగ్రిని తెలుగులోకి మార్చేవారు "నమోదైన డాక్టరు" అని రాయడం మంచిది.

దేశం మొత్తానికి ఒకే మెట్టు చెప్పవచ్చా?

చెప్పవచ్చు గానీ దానివల్ల పెద్దగా ప్రయోజనం లేదు. నల్లగొండ పట్టణంలో నాలుగో మెట్టుకు దగ్గరగా ఉన్న సేవ, అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల చెంచు పెంటల్లో (చెంచుల గూడేల్లో) మొదటి మెట్టు కూడా ఎక్కి ఉండకపోవచ్చు. అడవి లోపల సిగ్నల్ అందని చోట్లు ఉన్నాయి, అక్కడ వీడియో అన్న మాటే ఉండదు. ఫోను సిగ్నల్ లేని చోటికి నెలకోసారి వెళ్లే సిబ్బంది వివరాలు నమోదు చేసుకొని, సిగ్నల్ ఉన్న చోటికి వచ్చాక డాక్టరుకు పంపి, ఆయన చెప్పినదాన్ని తర్వాతి రాకలో చేర్చే పద్ధతి కూడా టెలిహెల్తే. దాన్ని లెక్కలోకి తీసుకోని కొలత ఆ పెంటల్లోని మనుషులను లెక్కలోంచి తీసేసినట్టే.

భాష మరొకటి. దేవరకొండ ప్రాంతపు తండాల్లో లంబాడీ, నారాయణపేట సరిహద్దు గ్రామాల్లో కన్నడ ఇళ్లలో మాట్లాడే భాషలు. పట్టణ రోగికి పనికొచ్చే తెలుగు తెర అక్కడి పెద్దవాళ్లకు సరిపోదు. ఇక పాలమూరు వలస సంగతి అందరికీ తెలిసిందే. బీపీ గోలీలు వాడుతున్న కూలీ ఆరు నెలలు ముంబైలోనో పుణెలోనో ఉంటాడు. చట్టం ప్రకారం ఇక్కడి డాక్టరు అతన్ని అక్కడ ఉండగానే ఫోనులో చూడవచ్చు. అతని పాత వివరాలు ఆ డాక్టరుకు కనిపించాలంటే 14 అంకెల ఆభా సంఖ్య (రోగి ఆరోగ్య ఖాతా సంఖ్య) కేవలం కార్డు మీద ఉండటం చాలదు, ప్రతి సంప్రదింపూ దానితో ముడిపడి ఉండాలి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను 2021 సెప్టెంబరులో దేశమంతటా ప్రారంభించిన ఉద్దేశమే అది. వలస కూలీ చికిత్స ఊరు దాటినా తెగిపోకుండా సాగుతున్నదా అని చూస్తే, సమాచార మార్పిడి అంగం పరిపక్వత ఎంతో ఇంతకంటే స్పష్టంగా మరే పరీక్షా చెప్పదు.

అంగాలకు వచ్చిన మార్కుల సగటు తీయవచ్చా?

వద్దు. ఏడు అంగాల్లో ఒకదానికి 5, ఐదింటికి 4 చొప్పున, కరెంటు, సిగ్నల్‌లను లెక్కించే మౌలిక సదుపాయాల అంగానికి 1 వచ్చాయనుకోండి. మొత్తం 26, సగటు 3.7. ఆ జిల్లా మూడో మెట్టు దాటిందని నివేదిక చెబుతుంది, కానీ రోజులో సగం సేపు తెర వెలగదు. అన్ని అంగాల మార్కులనూ విడివిడిగా చూపి, వాటిలో అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్నే ఆ సేవ మెట్టుగా చెప్పడం నిజాయితీగా ఉంటుంది.

ఫ్లోరోసిస్ లాంటి మన ప్రాంతపు సమస్యకు టెలిహెల్త్ ఏమైనా చేయగలదా?

కొంతవరకు. నీటిలోని ఫ్లోరైడు వల్ల పళ్లు గార పట్టడం, కీళ్లు బిగుసుకోవడం, వెన్ను వంగిపోవడం మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఎన్నో కుటుంబాల అనుభవం. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే వచ్చింది. ఒకసారి ఎముకల్లో చేరిన నష్టాన్ని తెరమీద మాట్లాడి సరిచేయలేరు. ఫ్లోరైడు తక్కువ ఉన్న నీరు అందించడమే అసలు చికిత్స. కానీ వంగిన వెన్నుతో బస్సు ఎక్కలేని మనిషికి నొప్పి మందు సర్దుబాటు, ఫిజియోథెరపీ సూచనలు, ఎక్స్‌రేను ఊరి దగ్గరే తీసి పెద్ద దవాఖానలోని ఎముకల డాక్టరుకు పంపడం వంటివి ఎంతో ఉపయోగపడతాయి. ప్రయాణం ఎవరికి అన్నిటికంటే కష్టమో వారికి సేవ అందుతున్నదా అని అడగడానికి ఈ రోగులు సరైన కొలబద్ద.

గోప్యతను ఎలా మదింపు చేయాలి?

చట్టం ఉందా అన్న ప్రశ్నకు జవాబు సులువు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని తర్వాత చూడవలసింది గది. చాలా చిన్న కేంద్రాల్లో ఉన్నది ఒక్కటే గది, సిగ్నల్ వసారాలోనే బాగుంటుంది. గర్భం గురించో మానసిక బాధ గురించో టీబీ గురించో మాట్లాడవలసిన రోగి వసారాలో, ఊరి వాళ్ల మధ్య, స్పీకరులో డాక్టరుతో మాట్లాడవలసి వస్తే ఆ మాట బయటకు రాదు. ఒక తెర గుడ్డ, చెవిలో పెట్టుకునే హెడ్‌ఫోను, ఈ రెండూ ఉన్నాయా లేవా అని చూసి రాయండి. చౌకైన వస్తువులు, వీటి లోటు వల్ల జరిగే నష్టం మాత్రం పెద్దది.

104, 108, టెలీ-మానస్ వంటి ఫోన్ సేవలను కూడా లెక్కించాలా?

తప్పకుండా. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అత్యవసర సేవ, ఆ తర్వాత 2007లో వచ్చిన 104 ఆరోగ్య సలహా లైను ఉమ్మడి రాష్ట్రంలో ప్రజలకు ఫోనులో వైద్యం అడిగే అలవాటును నేర్పాయి. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, 14416 నంబరుతో మొదలైన టెలీ-మానస్ మానసిక ఆరోగ్యానికి ప్రత్యేకించినది. వీటిని విడివిడి పథకాలుగా కాకుండా, ఒక సేవ నుంచి మరో సేవకు రోగిని పంపగలుగుతున్నారా అన్న దృష్టితో చూడాలి.

మదింపు ఎవరు చేయాలి?

ముందు కేంద్రంలోని సిబ్బందే స్వయంగా చేసుకోవాలి, ఆ తర్వాత బయటివారు అదే పత్రాన్ని తీసుకొని చూడాలి. రెండింటి మధ్య తేడా ఎక్కడ ఎక్కువగా వస్తుందో అక్కడే మాట్లాడవలసిన విషయం ఉంటుంది. స్వీయ మదింపు ఫలితం ఎవరి బదిలీకో, మెమోకో దారితీస్తుందన్న భయం ఉన్న చోట అన్ని గళ్లలోనూ మంచి మార్కులే వస్తాయి. ఒక కేంద్రంలో ఇన్వర్టర్ పనిచేస్తున్నట్టు రాసి ఉంది. మేము వెళ్లినప్పుడు కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీద ఫైళ్లు పేర్చి ఉన్నాయి. అడిగితే, పనిచేయడం లేదని రాస్తే పైనుంచి సంజాయిషీ అడుగుతారని ఆ ఉద్యోగి చెప్పింది. ఆమెను తప్పుపట్టడానికి ఏమీ లేదు. నిజం రాసినందుకు శిక్ష ఉండదని ముందే రాతపూర్వకంగా హామీ ఇవ్వనిదే ఏ మదింపూ మొదలుపెట్టకూడదు.

బయటి బృందంలో ఒక డాక్టరు, సాంకేతిక అంశాలు తెలిసిన ఒకరు, ఆ ప్రాంతపు భాష మాట్లాడే ఒకరు ఉండాలి. మూడో మనిషిని ఖర్చు పేరుతో తగ్గిస్తుంటారు. రోగుల మాట వినగలిగేది ఆ మనిషే.

ఎన్నాళ్లకోసారి చేయాలి?

పూర్తి మదింపు రెండేళ్లకోసారి సరిపోతుంది. మందుల నిల్వ, కరెంటు, సిగ్నల్, ఖాళీ పోస్టులు, ఈ నాలుగింటిని మాత్రం మూడు నెలలకోసారి చూడాలి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి కేంద్రానికి వెళ్లి చూస్తే కరెంటు సంగతి బాగా తెలుస్తుంది.

తక్కువ మెట్టు వచ్చిన జిల్లాకు నిధులు తగ్గించాలా, పెంచాలా?

పెంచాలి, అయితే అన్నిటికంటే తక్కువ మార్కు వచ్చిన అంగానికే ఆ నిధులు వెళ్లాలి. సిగ్నల్ లేని కేంద్రానికి మరో రెండు ట్యాబులు పంపితే ఫలితం ఉండదు. హబ్‌లో డాక్టరుకు సమయం కేటాయించని చోట మరో యాభై స్పోకులు కలిపితే రోగులు తెర ముందు ఎదురుచూసే సమయమే పెరుగుతుంది. మదింపు నివేదిక చివరి పేజీలో మార్కుల పట్టిక బదులు మూడు వాక్యాలు ఉండాలని మేము కోరుతాము: ఈ జిల్లాలో సేవ ఏ కారణం వల్ల ఆగుతున్నది, దాన్ని సరిచేయడానికి ఎంత ఖర్చవుతుంది, ఏ అధికారి ఏ తేదీలోగా ఆ పని చేస్తారు. తర్వాతి మదింపు బృందం మొదట తెరవవలసింది ఆ పేజీనే.